పంటితో వినేవాడు

పైడన్న మేస్త్రి కుడి చెవిని జూట్ మిల్లు తినేసింది,
ఎడమ చెవిలో సగాన్ని కూడా.
పద్నాలుగేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డవాడు
మిగిలిన ఆ సగం చెవితో
నెల్లిమర్ల రోడ్డు పక్క రేకుల షెడ్డు వేసి
బళ్ళ జబ్బులు వినేవాడు.

ఎలా వింటావు మేస్త్రీ అని అడిగితే
పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి
మొన ఇంజనుకి ఆనించి
పిడిని పళ్ళ మధ్య కరిచి
కళ్ళు మూసుకునేవాడు.
"సెవులు మోసం సేత్తాయిరా.
ఎముక సెయ్యదు."

చామర్తి పద్మనాభం గారి ఎమ్.జీ. కారు వచ్చిన రోజు.
రెండే సీట్లు, ముదురాకుపచ్చ, పైన గుడ్డ కప్పు.
గంటస్తంభం దగ్గర మలుపు తిరిగితే
బడిపిల్లలు లెక్కలు మర్చిపోయే కారు.
దొర దగ్గర గుమస్తాగా చేసిన వాళ్ళ నాన్న
జీతం బాకీ కింద తెచ్చుకున్నాడట.
"నలభైలో టకటకలాడుతుంది,
నలభై అయిదులో మానేస్తుంది,
మళ్ళీ నలభైకి దిగితే మొదలు" అన్నారాయన,
ఇంట్లో మనిషి మీద చాడీ చెప్తున్నట్టు
గొంతు తగ్గించి.

నాకు పదమూడేళ్ళు.
సీట్ల వెనక సందులో నన్ను మడిచి కుక్కి
"నువ్వే నా కుడిసెవి" అన్నాడు మేస్త్రి.
చంపావతి వంతెన మీద అటూ ఇటూ
ఎన్నిసార్లు తిరిగామో.

స్టెప్నీ బోల్టు వదులు. బిగించాం.
బానెట్ గొళ్ళెం. తోలుముక్క అతికించాం.
సైలెన్సరుని పాత సైకిల్ ట్యూబుతో కట్టాం.
చక్రం మూతలో చింతపిక్కంత గులకరాయి,
ఏ ఊరిదో.
పెద్ద చప్పుడు చచ్చిన ప్రతిసారీ
దాని కింద నుంచి చిన్నది లేచేది,
పెళ్ళివారు వెళ్ళిపోయాక
వంటింట్లో పిల్లి వినిపించినట్టు.

మూడు వారాలు.
కారు మెత్తబడింది. మేస్త్రి తోలితే
గాలి, టైర్లు, అంతే.
పద్మనాభం గారు తోలితే
నలభైలో టక్. టక్. టక్కు టక్.

ఆ సాయంత్రం మేస్త్రి పక్కసీట్లో కూర్చున్నాడు,
నోట్లో స్క్రూడ్రైవరు.
డాష్‌బోర్డుకి ఆనించాడు. తల అడ్డంగా ఊపాడు.
గేరు రాడ్డు. కాదు.
తలుపు. కాదు.
"ఆపకండి బాబూ, నలబైలోనే పోనీండి" అని
పిడి తీయకుండానే గొణిగి
మొన తెచ్చి
ఆయన చొక్కా జేబు మీద పెట్టాడు.

నశ్యం డబ్బీ.
లోపల నశ్యం లేదు, రెండు లవంగాలు.
పక్కన ఇంకుపెన్ను, దాని ఇత్తడి క్లిప్పు.
"మానేసి నాలుగేళ్ళయింది మేస్త్రీ,
డబ్బీ మానలేకపోయాను" అన్నారు
పద్మనాభం గారు, కారుని పక్కకి ఆపి,
దొరికిపోయిన కుర్రాడిలా.
మేస్త్రి నవ్వలేదు. నేను సందులో
మోకాళ్ళ మధ్య మొహం దాచుకున్నాను.
బిల్లు చివర నా చేతే రాయించాడు:
డబ్బీకి గుడ్డముక్క, అర్ధరూపాయి.

ఇప్పుడు షెడ్డు నాది.
పిడి మీద ఆయన పళ్ళ గాట్ల పక్కన
నా గాట్లు.
ఆయనకి పళ్ళన్నీ పోయాయి,
ఎడమ చెవిలో సగమూ పోయింది.
అయినా పొద్దున్నే వస్తాడు.
బండి స్టార్టు చేస్తే లేచి
మోచెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి
అరచేతిలో గడ్డం పెట్టుకుంటాడు.

రోడ్డున పోయేవాళ్ళు
"ఏటలా దిగులుగున్నాడు ముసలోడు?" అంటారు.

నేను సైగ చేస్తాను,
మాటాడొద్దని.
వింటున్నాడు.